నూటికి నూరు కంట్రోల్

పోలినాయుడికి ఖాళీ గడి కనబడకూడదు. కనబడితే ఆ పూట అన్నం సయించదు. కోనంగివలస ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాడు. ఈ ఇరవై ఆరేళ్లలో ఆయన చేతిలోంచి ఖాళీ గడితో ఒక్క ఫారం కూడా జిల్లా ఆఫీసుకి వెళ్లలేదు. "రిమార్కులు" అన్న గడి ఉంటే అందులో "రిమార్కులు లేవు" అని రాస్తాడు. అడుగున "ఆఫీసు ఉపయోగానికి మాత్రమే" అన్న గడిని అలాగే వదిలెయ్యడానికి ఆయన పడే యాతన ఆయనకే తెలుసు. ఒకసారి ఉండబట్టలేక అందులో కూడా "సరే" అని రాసి పంపితే మెమో వచ్చింది.

ఈ మంచి అలవాటే కోనంగివలస మండలానికి రాష్ట్రంలో ఎక్కడా లేని పేరు తెచ్చిపెట్టింది. మండలంలో మనుషుల్ని మాత్రం కొద్దిలో చంపేసేది.

ఆ ఏడు శ్రావణం వెళ్లేసరికి ఊళ్లో ఇంటికొకరు మంచం పట్టారు. కళ్ల వెనక పోటు, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, నూట మూడు జ్వరం. డాక్టరమ్మ ప్రసవానికి సెలవు పెట్టి వెళ్లింది. ఆవిడ బదులుగా ఇంకొకర్ని వేస్తున్నట్టు కాగితం వచ్చింది గాని మనిషి రాలేదు. ఉన్నది నర్సు ఒకావిడ, పోలినాయుడు, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త సన్యాసమ్మ. అదృష్టం బాగుండి, డెంగ్యూ పరీక్ష కిట్లు మాత్రం ఐదు పెట్టెలు వచ్చాయి.

కిట్టంటే పెద్ద యంత్రమేమీ కాదు. చూపుడువేలంత ప్లాస్టిక్ కార్డు. ఒక చివర చిన్న గుంట, మధ్యలో చిన్న కిటికీ. గుంటలో ఒక చుక్క నెత్తురు, దాని మీద రెండు చుక్కల మందునీళ్లు వేస్తే ఇరవై నిమిషాల్లో కిటికీలో ఎర్ర గీతలు పడతాయి. సి అన్న అక్షరం దగ్గర పడేది కంట్రోల్ గీత. అది పడితే కిట్టు బతికే ఉందని అర్థం, అంతకన్నా ఏమీ లేదు. జబ్బున్నా పడుతుంది, లేకపోయినా పడుతుంది. టి అన్న అక్షరం దగ్గర పడేది టెస్ట్ గీత. అది కూడా పడితే మనిషికి డెంగ్యూ ఉన్నట్టు.

కిట్లతో పాటు జిల్లా ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. వరుస సంఖ్య, పేరు, వయసు, టెస్ట్, కంట్రోల్. కంట్రోల్ అన్న గడిలో దోమల కంట్రోల్‌కి ఏం చర్యలు తీసుకున్నారో రాయాలని ఫారం తయారుచేసినవాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని వాళ్లు ఎక్కడా రాయలేదు. పోలినాయుడు ఫారం చూశాడు, కిట్టు చూశాడు. ఫారంలో టెస్ట్, కంట్రోల్. కిట్టు మీద టెస్ట్, కంట్రోల్. ఎన్నాళ్లకి ఒక ఫారాన్ని బుద్ధిగా తయారుచేశారని మనసులో మెచ్చుకున్నాడు.

నూట పన్నెండు మందికి పరీక్ష చేశాడు. ముప్పై ఒక్క మందికి టెస్ట్ గడిలో ప్లస్ గుర్తు పెట్టాడు. కంట్రోల్ గడిలో నూట పన్నెండు మందికీ, అందమైన గుండ్రటి అక్షరాలతో, "వచ్చింది" అని రాశాడు.

*

జిల్లా సమీక్షా సమావేశంలో పైన కూర్చున్నాయన డాక్టర్ పట్నాయక్ గారు, జిల్లా దోమకాటు వ్యాధుల నియంత్రణాధికారి. ఆయన డాక్టరీ చదివినమాట నిజమే గాని, రోగిని చూసి పంతొమ్మిదేళ్లయింది. ఈ పంతొమ్మిదేళ్లూ శాతాల్నే చూస్తున్నారు. శాతం పడిపోతే ఆయనకి నిజంగానే నీరసం వస్తుంది. పెరిగితే మొహం కళకళలాడుతుంది.

"కోనంగివలస! లేవండి."

పోలినాయుడు లేచాడు. గడి ఏదైనా వదిలేశానా అని ఫారం నకలు తిరగేశాడు.

"మీ మండలంలో కంట్రోల్ పరిస్థితి ఏమిటో సభాముఖంగా తెలియజేయండి."

"వచ్చిందండి. అందరికీ వచ్చిందండి."

"విన్నారా?" పట్నాయక్ గారు సభ వైపు తిరిగారు. "నూట పన్నెండుకి నూట పన్నెండు! నూటికి నూరు శాతం కంట్రోల్! పక్క మండలం చూడండి, పన్నెండు శాతం. కంట్రోల్ గడిలో ఏం రాశారయ్యా మీరు? 'దోమ పిల్లలను తిను గంబూజియా చేపలు చెరువులో వదిలితిమి, కొంగలు తినివేసినవి.' ఇదీ ఒక కంట్రోలేనా? సమగ్ర సమీకృత దృక్పథం అనేది క్షేత్రస్థాయిలో ఎలా ప్రతిఫలించాలో కోనంగివలసని చూసి నేర్చుకోండి."

పోలినాయుడికి సంగతి అప్పుడు అర్థమైంది. "అయ్యా, కంట్రోల్ అంటే గీతండి. కిట్టు మీద సి దగ్గర పడే గీత. అది కిట్టు బాగుంటే ఎప్పుడూ పడుతుందండి."

"ఎప్పుడూ! రాసుకోండి. ఒకసారి కాదు, ఎప్పుడూ అంటున్నాడు. దీన్నే సుస్థిర కంట్రోల్ అంటారు."

"అది కాదండి. టి దగ్గర కూడా ముప్పై ఒక్క మందికి..."

"టి అంటే టెస్ట్. టెస్ట్ జరిగిందని కిట్టే సాక్ష్యం చెబుతోంది, సంతోషం. కంట్రోల్ సాధించేశాక ఇంకా టెస్ట్ గురించి బెంగెందుకయ్యా? ఇంత వినయం పనికిరాదు. కూర్చోండి."

చప్పట్లు మోగాయి. అబద్ధమెందుకు, పోలినాయుడికి లోపల కొంచెం బాగానే అనిపించింది. ఇరవై ఆరేళ్లలో ఆయన పేరు చెప్పి చప్పట్లు కొట్టడం అదే మొదలు. బస్సు దిగి ఇంటికొచ్చాక సిగ్గేసింది. కూర్చుని రెండు పేజీల ఉత్తరం రాశాడు, కంట్రోల్ గీత అంటే ఏమిటో బొమ్మ గీసి మరీ. ఆ ఉత్తరాన్ని జిల్లా ఆఫీసులో జాగ్రత్తగా "అభినందనలకు కృతజ్ఞతలు" అన్న ఫైల్లో పెట్టారు.

*

వారం తిరిగేసరికి ఆరోగ్య కేంద్రం గేటుకి పెద్ద బ్యానరు కట్టారు. "నూటికి నూరు శాతం కంట్రోల్ సాధించిన మండలం, కోనంగివలస." పట్నాయక్ గారే స్వయంగా వచ్చి పోలినాయుడికి శాలువా కప్పుతారని కబురు.

బ్యానరు కడుతుంటే చూసిన సన్యాసమ్మ వీధిలోకి వెళ్లి అందరికీ చదివిందే చెప్పింది. "మనూరికి కంట్రోలు వొచ్చీసిందటే. నూటికి నూరట. ఆపీసరుగారు ఇయ్యాలే వొస్తన్నారు."

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కంట్రోలు అంటే ఒకటే అర్థం, రేషన్ షాపు సరుకు. కంట్రోలు బియ్యం, కంట్రోలు పంచదార, కంట్రోలు కిరసనాయిలు. తొమ్మిదిన్నర కల్లా ఆరోగ్య కేంద్రం ముందు నూట యాభై మంది ఆడవాళ్లు లైను కట్టారు. చంకలో గోనెసంచి, చేతిలో రేషన్ కార్డు. సగం మంది జ్వరంతోనే వచ్చి, సంచి నెత్తిన కప్పుకుని గోడవారగా కూలబడ్డారు.

జీపు దిగిన పట్నాయక్ గారు ఆ జనాన్ని చూసి చలించిపోయారు. "ప్రజా స్పందన అంటే ఇదీ!" అని పక్కనున్న ఫొటోగ్రాఫరుకి సైగ చేసి, లైన్లో ముందున్న ముసలమ్మ భుజం మీద చెయ్యేశారు.

"ఏమ్మా, కంట్రోల్ అందిందా?"

"ఏదీ బాబూ, ఎక్కడందినాది? రెండు నెల్లనుండీ పంచదార నేదు."

పట్నాయక్ గారి మొహం వెలిగిపోయింది. "షుగరు కూడా లేదంటోంది! రెండు నెలలుగా! రాసుకోండయ్యా, మధుమేహం సైతం కంట్రోల్‌లోకి వచ్చింది!"

పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు. పోలినాయుడు శాలువా కప్పించుకుంటూ నేల చూపులు చూశాడు. ఆడవాళ్లు మధ్యాహ్నం దాకా ఉండి, సంచులు దులుపుకుని, కంట్రోలు మళ్లీ ఎవరో నొల్లుకుపోయారని తిట్టుకుంటూ ఇళ్లకి వెళ్లారు.

*

శాలువా తర్వాత ఆర్డరు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కంట్రోల్ సంపూర్ణముగా సాధించిన మండలములో పరీక్షా కిట్లు నిల్వయుంచుట వనరుల దుర్వినియోగము కింద పరిగణించబడును. కావున సదరు కిట్లు, దోమల పొగ యంత్రము, దోమతెరలు తక్షణమే పన్నెండు శాతము మండలమునకు తరలించవలెను."

ఆర్డరు వెనకాలే వ్యాను వచ్చింది. పొగ యంత్రం ఎక్కించారు, దోమతెరలు ఎక్కించారు, కిట్ల పెట్టెలు లెక్కపెట్టుకుని ఎక్కించారు. బీరువా మీదున్న ఒక పాత పెట్టెని మాత్రం ముట్టుకోలేదు. అది రెండేళ్ల క్రితం గడువు తీరిపోయిన కిట్ల పెట్టె. దాన్ని ధ్వంసం చెయ్యడానికి అనుమతి కావాలని పోలినాయుడు నాలుగుసార్లు రాశాడు. ధ్వంసం చెయ్యాలంటే కమిటీ వెయ్యాలి. కమిటీ వేశారు గాని దానికి అధ్యక్షుడు దొరకలేదు. అందుకని ఆ పెట్టె రెండు వేసవులు రేకుల కప్పు కింద ఉడికి, మూడో వేసవికి ఎదురుచూస్తోంది.

"ఇది కూడా తీసుకుపొండి బాబూ" అన్నాడు పోలినాయుడు.

"మా లిస్టులో లేదండి" అని వ్యాను వాళ్లు వెళ్లిపోయారు.

వ్యాను వెళ్లాక చూసుకుంటే, మంచి కిట్టు ఒక్కటే మిగిలింది. అప్పటికే కవరు చింపి ఉందని వాళ్లు వదిలేశారు. ఊళ్లో జ్వరాలు మాత్రం ఎవరి లిస్టులోనూ లేవు గనక ఎక్కడివక్కడే ఉన్నాయి. కొండదిగువ వీధిలోనైతే ఇల్లిల్లూ దగ్గూ మూలుగూ తప్ప ఇంకో చప్పుడు లేదు.

*

ఆరోగ్య కేంద్రం ఎదురుగా బస్సులు ఆగే చోట అప్పయ్యమ్మ ఇడ్లీల బండి ఉంటుంది. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి పోలినాయుడికి నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి. అడగకుండానే ఐదో ఇడ్లీ వేస్తుంది, వద్దంటే కసురుతుంది. ఆ బండి నాలుగు రోజులుగా రాలేదు. ఐదో రోజున సన్యాసమ్మ ఆటోలో అప్పయ్యమ్మని తీసుకొచ్చింది. మనిషి ఆటో దిగలేకపోయింది.

"నాలుగ్రోజులై లెగనేదు బాబూ" అంది సన్యాసమ్మ. "పళ్లు తోవుకుంతే నెత్తురొస్తందట. సేతుల మీద ఎర్రెర్రగా సుక్కలు సూడండి."

పోలినాయుడు ఆ ఒక్క కిట్టూ తీశాడు. మామూలుగా గీత రావడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. అప్పయ్యమ్మ నెత్తురు పడిన ఐదు నిమిషాలకే టి దగ్గర గీత పడింది, సి గీత కన్నా ముందు, దానికన్నా ముదురుగా. మైక్రోస్కోపు కింద ప్లేట్‌లెట్లు లెక్కపెట్టాడు. లక్షన్నర ఉండాల్సినవి నలభై రెండు వేలున్నాయి. నమ్మకం కలగక ఇంకోసారి లెక్కపెట్టాడు. నలభై ఒకటి వచ్చాయి.

"ఏటి బాబూ, సచ్చిపోతానేటి?" అంది అప్పయ్యమ్మ, నవ్వబోయి.

"నువ్వు పోతే నాకు ఇడ్లీలెవరు పెడతారు? ఊరుకో" అని కసిరాడు. ఏరియా ఆసుపత్రికి చీటీ రాసిచ్చి ఆటో ఎక్కించాడు. కార్డు ఫొటో తీసి, రెండు గీతలూ బాగా కనబడేలా పెద్దది చేసి, జిల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "అత్యవసరం" అని కింద రాశాడు.

రెండు నిమిషాల్లో పట్నాయక్ గారి జవాబు వచ్చింది. "సి గీత సుస్పష్టం. కంట్రోల్ ఏమాత్రం సడలలేదు. అభినందనలు." ఆ వెనక గ్రూపులో ఉన్న అరవై మూడు మంది ఉద్యోగులు చప్పట్ల బొమ్మలు పెట్టారు.

మూడు గంటలకి అప్పయ్యమ్మ అదే ఆటోలో తిరిగొచ్చింది, జ్వరం బిళ్లల పొట్లంతో. పోలినాయుడు ఏరియా ఆసుపత్రి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆయన మంచివాడే.

"నన్నేం చెయ్యమంటారు నాయుడు గారూ? డెంగ్యూ వార్డులో చేర్చుకోవాలంటే పోర్టల్‌లో ఎక్కించాలి. మీ మండలం పేరు కొడితే డెంగ్యూ అన్న మాటే రావడం లేదు, కంట్రోల్ అయిపోయిందని తీసేశారట. పాము కాటు వస్తోంది, కుక్క కాటు వస్తోంది, దోమ కాటు రావడం లేదు. కావాలంటే పాము కాటు కింద చేర్చుకుంటాను. కాని అప్పుడు పాము ఇంజక్షన్ ఇవ్వాలి, తప్పదు."

"వద్దు బాబూ, వద్దు" అన్నాడు పోలినాయుడు. నర్సు చేత అప్పయ్యమ్మకి సెలైను ఎక్కించి, బల్ల మీద పడుకోబెట్టాడు. ఆ బల్లకి దిండు లేకపోతే, మడతపెట్టిన శాలువా తల కింద పెట్టాడు. తర్వాత పట్నాయక్ గారికి ఫోన్ చేశాడు. మూడోసారికి ఎత్తారు.

"అయ్యా, కొండదిగువ వీధిలో పాతిక మందికి పైన జ్వరాలండి. ఒకావిడ పరిస్థితి బాగాలేదండి. పెద్దాసుపత్రికి పంపాలండి. కిట్లు కావాలండి, డాక్టర్లు కావాలండి."

"మీ కంట్రోల్ ఎంత?"

"నూరేనండి, కాని..."

"నూరు ఉండగా 'కాని' ఏమిటి? చూడండి, మీ మండలంలో డెంగ్యూ ఉందని మీరే అనడం మీకు కప్పిన శాలువాని మీరే అవమానించుకోవడం. ఒక రోగి అంటారు. ఇంకో రోగి అంటారు. వ్యక్తిగత స్థాయి సంఘటనలు విధానపరమైన పరిశీలనలోకి రావు. కంట్రోల్ తప్పితే చెప్పండి. ఒక్క శాతం తప్పినా మొత్తం జిల్లా యంత్రాంగాన్ని మీ గుమ్మంలో దింపుతాను. తప్పిందా?"

"తప్పలేదండి."

"మరి?" అని ఫోన్ పెట్టేశారు.

పోలినాయుడికి ఒళ్లు మండిపోయింది. కోపం పట్నాయక్ గారి మీద కొంత, తన మీద చాలా. తాను రాసిన నూట పన్నెండు "వచ్చింది"లు వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. ఆ అక్షరాలు అంత గుండ్రంగా రాయకపోయినా బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి పైకి చూస్తే బీరువా మీద పాత పెట్టె కనబడింది. స్టూలెక్కి దాన్ని కిందికి దించాడు.

*

మర్నాడు పొద్దున్న ఏడింటికి పోలినాయుడు, సన్యాసమ్మ కొండదిగువ వీధికి వెళ్లారు. జ్వరంతో పడున్న పాతిక మంది దగ్గర ఒక్కో చుక్క నెత్తురు తీశారు. గుంటలో నెత్తురు చుక్క, దాని మీద మందునీళ్లు, ఇరవై నిమిషాలు గడియారం చూడడం, అన్నీ పద్ధతి ప్రకారమే చేశారు. రెండు వేసవులు ఉడికిన కార్డులు పాతికా ల్యాబ్ బల్ల మీద అప్పడాల్లా పరిచి ఉన్నాయి. ఒక్కదాని మీదా గీత పడలేదు. సి దగ్గరా లేదు, టి దగ్గరా లేదు.

"ఏటి బాబూ, ఏటీ అవుపడదు?" అంది సన్యాసమ్మ.

"సచ్చిపోయిన కిట్లు సన్యాసమ్మా. ఏటి అవుపడతాది?"

"మరెందుకీ సావొచ్చిన పని?"

పోలినాయుడు జేబులోంచి పెన్ను తీశాడు. ఫారం తీసి పాతిక పేర్లూ రాశాడు. వయసులు రాశాడు. టెస్ట్ గడిలో "రాలేదు" అని రాశాడు. కంట్రోల్ గడిలో కూడా పాతికసార్లు "రాలేదు" అని రాశాడు. అక్షరాలు ఈసారి గుండ్రంగా రాయలేదు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కిట్టు గడువు ఎప్పుడు తీరిందో రాయడానికి ఫారంలో గడి లేదు. ఉండుంటే అదీ నింపేవాడే.

పదకొండింటికి ఫారం పంపాడు. పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"సున్నానా?" పట్నాయక్ గారి గొంతు కీచుగా వినబడింది. "నూరు నుంచి సున్నాకా? శాలువా కప్పిన వారంలోనా? ఒక్కరికైనా కంట్రోల్ రాలేదా?"

"ఒక్కరికీ రాలేదండి."

"ఇంకోసారి చూడండి! గట్టిగా చూడండి!"

"చూశానండి. ఎండలో పెట్టి కూడా చూశానండి."

తర్వాత జరిగినదాన్ని కోనంగివలస ఇప్పటికీ చెప్పుకుంటుంది. జిల్లా కేంద్రంలో, తప్పిపోయిన కంట్రోల్ కోసం కంట్రోల్ రూమ్ తెరిచారు. ఒంటిగంట కాకుండానే తొమ్మిది జీపులు, మూడు అంబులెన్సులు, రెండు పొగ యంత్రాలు, మెడికల్ కాలేజీ నుంచి పదకొండు మంది డాక్టర్లు, ఆరు పెట్టెల కొత్త కిట్లు దిగాయి. పోర్టల్‌లో మండలం పేరు ఎర్రగా వెలిగి, డెంగ్యూ అన్న మాట పెద్దక్షరాలతో తిరిగొచ్చింది. పక్క మండలం వాళ్లయితే తమ పన్నెండు శాతం నుంచి ఓ రెండు శాతం అప్పుగా ఇవ్వడానికి కూడా ముందుకొచ్చారు.

పట్నాయక్ గారు జీపు దిగుతూనే అడిగారు. "ఎక్కడ? కంట్రోల్ చివరిసారిగా ఎక్కడ కనబడింది?"

"ల్యాబ్ బల్ల మీదేనండి" అన్నాడు పోలినాయుడు.

ఆయన ఆ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. కింద వంగి కూడా చూశారు. ఆలోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ నేరుగా లోపలికి వెళ్లి అప్పయ్యమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. ప్లేట్‌లెట్ల లెక్క ఎంతని అడిగింది, బీపీ చూసింది, వెంటనే అంబులెన్స్‌ని గేటు దగ్గరికి రమ్మంది. అప్పయ్యమ్మతో పాటు మరో నలుగురిని ఎక్కించారు. అంబులెన్స్ కదిలేదాకా పోలినాయుడు గేటు దగ్గరే నిలబడ్డాడు. పక్కకి తిరిగి చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

మిగతా డాక్టర్లు కొత్త కిట్లతో కొండదిగువ వీధి మొత్తానికి పరీక్షలు చేశారు. నలభై మూడు మందికి టి గీత పడింది. వాళ్లలో ఎవరికి సెలైను పెట్టాలో, ఎవర్ని ఇంటి దగ్గర ఉంచి చూసుకోవచ్చో డాక్టర్లే చూసుకున్నారు. పట్నాయక్ గారు సాయంత్రం దాకా ఒక్కో కార్డు చేతిలోకి తీసుకుని సి దగ్గర మాత్రమే చూశారు.

"వచ్చింది!" అని గట్టిగా అరిచారు. "దీనికీ వచ్చింది! దీనికీ! ఆరు గంటల్లో సున్నా నుంచి నూరు! దేశంలో ఎక్కడా ఇంత వేగంగా కంట్రోల్ని పునరుద్ధరించిన దాఖలా లేదు!"

ఆ నెల్లో ఆయనకి శాలువా కప్పారు.

*

పోలినాయుడికి మెమో వచ్చింది. "తమరి అధీనములోనున్న కంట్రోల్ సదరు తేదీన ఏ కారణముచేత సున్నాకు పడిపోయినదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. గతములో కప్పిన శాలువాను వాపసు చేయవలెను."

ఉన్నది ఉన్నట్టు రాశాడు. కిట్లకి గడువు తీరిందని, అందుకే గీత రాలేదని, కంట్రోల్ గీత ఉన్నదే కిట్టు చచ్చిందో బతికిందో చెప్పడానికని, మూడు పేజీలు. శాలువా ఉతికి, ఇస్త్రీ చేయించి జతపరిచాడు. ఉద్యోగం ఊడుతుందని భార్య ఏడిచింది. ఊడితే ఊడిందన్నాడు గాని, పెన్షన్‌కి నాలుగేళ్లే ఉందన్న సంగతి ఆయనకీ గుర్తుంది.

ఉద్యోగం ఊడలేదు. ఆయన సంజాయిషీ చదవడానికి ఏకంగా రాష్ట్రస్థాయి కమిటీ వేశారు, ఈసారి అధ్యక్షుడు కూడా దొరికాడు. కమిటీ ఆ మూడు పేజీల్లోంచి ఒకే ఒక్క వాక్యం తీసుకుంది. "కిట్టు పాడైతే కంట్రోల్ రాదు." దాని మీద నాలుగు సమావేశాలు జరిపి సిఫార్సు చేసింది. "కంట్రోల్ వచ్చుట, రాకపోవుట అనునది కిట్టు యొక్క ఇష్టాయిష్టములకు వదిలివేయుట పరిపాలనా గౌరవమునకు భంగకరము. కావున ఇకమీదట సరఫరా కాబోవు కిట్లన్నింటిపై కంట్రోల్ గీతను కర్మాగారములోనే ముందుగా అచ్చువేయించవలెను."

అప్పయ్యమ్మ పది రోజులకే ఇంటికొచ్చింది. సగం మనిషయింది గాని గొంతు తగ్గలేదు. వచ్చిన మూడో నెల్లో ఒక పొద్దున్న తన అత్తని చెయ్యి పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిపించుకొచ్చింది. ముసలమ్మకి రెండు రోజులుగా జ్వరం.

ఆ పొద్దున్నే కొత్త కిట్లు వచ్చాయి. పోలినాయుడు కవరు చింపాడు. సి దగ్గర గీత ఉంది. ఎర్రగా, తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ముసలమ్మ వేలు పొడిచి చుక్క వేసి, మందునీళ్లు వేసి, ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. టి దగ్గర ఏమీ పడలేదు.

"ఒక్క గీతే ఉంది బాబూ. అంటే మా యత్తకి ఆ రోగం నేదన్నట్టేనా?" అంది అప్పయ్యమ్మ.

"కిట్టు బాగుంతే నేదన్నట్టే."

"బాగుందో నేదో నీకెలగ తెలుస్తాది?"

ఆఫీసులో, మీటింగుల్లో, కమిటీలో ఇంతమంది పెద్దవాళ్లుండి ఒక్కరూ అడగని ప్రశ్న అది. పోలినాయుడికి లేచి ఆవిడకి దండం పెట్టాలనిపించింది.

"ఇదివరకైతే ఈ గీతే సెప్పీది" అన్నాడు, అచ్చు గీత మీద వేలు పెట్టి.

"మరిప్పుడు?"

"ఇప్పుడిది నెత్తురు ఎయ్యకముందే ఉంతాది. కిట్టు సచ్చిపోయినా ఉంతాది. ఇంకెలగ తెలుస్తాది? తెల్దు. ఇలగ ఎవులికీ తెలకండా సెయ్యడాన్నే ఆపీసోలు కంట్రోలంటారమ్మా."

అప్పయ్యమ్మ కార్డు వంక ఒకసారి చూసింది, పోలినాయుడి వంక ఒకసారి చూసింది. "ఆ కార్డు ఒగ్గీసి, ఓపాలి మా యత్త ఒంటి మీద సెయ్యేసి సూడు బాబూ" అంది.

పోలినాయుడు ముసలమ్మ నుదుటి మీద చెయ్యేశాడు. పెనంలా కాలిపోతోంది. చెయ్యి తిప్పి చూస్తే మోచేతి దగ్గర ఎర్రెర్రగా చుక్కలు అప్పుడే లేస్తున్నాయి.

"సన్యాసమ్మా, ఆటో పిలు!" అని కేకేసి, ముసలమ్మని రెండు చేతులా లేవదీసి బయటికి నడిపించాడు. కార్డు మాత్రం బల్ల మీద కంట్రోల్‌లోనే ఉంది.